క్రిటికల్ థియరీలో అధికారం ఎక్కడుంది? – సమాధానం

క్రిటికల్ థియరీ అంటే ప్రభుత్వాన్ని విమర్శించడమేనా, అధికారం గురించి అది కొత్తగా ఏం చెప్పింది అని అడిగారు కదండీ. నిర్వచనం బట్టీ పట్టే ముందు అది ఏ ప్రశ్న నుంచి పుట్టిందో చూడండి, టెన్షన్ సగం తగ్గుతుంది.

జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1923లో సామాజిక పరిశోధన సంస్థ మొదలైంది. దోపిడీకి గురయ్యే కార్మికులు ఎప్పటికైనా తిరగబడతారని మార్క్సిస్టుల నమ్మకం. మరి వాళ్లెందుకు తిరగబడటం లేదన్నదే ఆ ప్రశ్న. 1929లో ఆ సంస్థ తరఫున మనస్తత్వవేత్త ఎరిక్ ఫ్రామ్ కార్మికులకు, ఉద్యోగులకు ప్రశ్నావళి పంచారు. పిల్లల్ని కొట్టకుండా పెంచగలమా అన్నది అందులో ఒక ప్రశ్న. వామపక్షానికి ఓటేసేవాళ్లలో కూడా కొందరు మనసులో పెత్తనాన్ని కోరుకునేవాళ్లేనని జవాబుల్లో తేలింది. కొన్నేళ్లకే, 1933లో, నాజీలు అధికారంలోకి వచ్చి ఆ సంస్థనే మూయించారు.

నా దృష్టిలో అసలు విషయం ఇక్కడే ఉంది. అధికారం లాఠీలో, చట్టంలో మాత్రమే ఉండదు. ఇంటి పెంపకంలో, అలవాట్లలో, చివరికి మన కోరికల్లో కూడా ఉంటుంది. అందుకే అణచివేత చాలాసార్లు సహజంగానే కనిపిస్తుంది.

1937లో ఆ సంస్థకు చెందిన తత్వవేత్త హోర్క్‌హైమర్ రాసిన వ్యాసం ఈ ఆలోచనా ధోరణికి క్రిటికల్ థియరీ అని పేరు పెట్టింది. ఉన్నదాన్ని వర్ణించి ఊరుకోకుండా, అది ఎలా ఏర్పడింది, ఎవరికి మేలు చేస్తోంది, ఎలా మార్చాలి అని అడగమంటాడాయన. పరిశోధకుడు కూడా ఆ సమాజంలో భాగమేనంటాడు.

ఫ్రెంచ్ తత్వవేత్త ఫూకోను మాత్రం ఇందులో కలిపేయకండి. ఆయనదీ అధికార విశ్లేషణే, కానీ దారి వేరు.