పాత ఇంటిని మ్యూజియం చేస్తే అందులో చూడటానికి ఏముంటుంది?

"పాత ఇంట్లో పాత కుర్చీలే కదా, దానికి టికెట్ కొనాలా?" అని అడిగారు. న్యూయార్క్‌లో తూర్పు నాలుగో వీధిలో మర్చంట్స్ హౌస్ అని ఒక ఇల్లుంది. అది చూశాక మీరు ఆ మాట అనరు.

నిరుడు న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు పట్టుబట్టి చూశాను. ఊరి నుంచి ఎవరొచ్చినా టైమ్స్ స్క్వేర్‌కే తీసుకెళతారు. ఆ లైట్ల ముందు ఫొటో దిగడానికి అంత దూరం వెళ్లాలా?

గోడకు గోడ ఆనించి వరసగా కట్టిన ఇళ్లలో ఇదొకటి. 1832 నాటిది. సీబరీ ట్రెడ్‌వెల్ అనే ఇనుప సామాన్ల వ్యాపారి 1835లో 18,000 డాలర్లకు కొన్నాడు. ఎనిమిదో సంతానం గెర్ట్రూడ్ 1840లో ఆ ఇంట్లోనే పుట్టి, పెళ్లి చేసుకోకుండా ఉండిపోయి, 1933లో అక్కడే కన్నుమూసింది. చుట్టుపక్కలంతా వ్యాపారాలు వచ్చేసినా, చేతిలో డబ్బు అయిపోయినా ఆమె ఇల్లు మార్చలేదు. ఆ తర్వాత వేలానికి పోబోతుంటే దూరపు బంధువు జార్జ్ చాప్మన్ కొని, 1936లో మ్యూజియంగా తెరిచాడు. అందుకే మంచాలు, కుర్చీలు, దుస్తులు అన్నీ ఆ కుటుంబానివే.

నన్ను కదిలించింది మాత్రం హాలు కాదు, పనివాళ్ల గది. కింద వంటింట్లో గోడకు పిలుపు గంటలున్నాయి. అక్కణ్ణించి ఇంటి పైకప్పు కిందున్న గదికి మెట్లెక్కేసరికి నాకు ఆయాసం వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాను. ఐరిష్ అమ్మాయిలు బొగ్గు బకెట్లు, నీళ్లు మోసుకుంటూ రోజుకి ఎన్నిసార్లు ఎక్కేవారో! అక్కడే మా అమ్మమ్మగారి మండువా లోగిలి గుర్తొచ్చింది. పాలేరు ఎక్కడ పడుకునేవాడో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. వెళ్లి చూద్దామంటే ఇప్పుడు ఇల్లే లేదు. వాటాలు పంచుకున్నాక టేకు స్తంభాలు పీకి ఎవరికో అమ్మేశారు. నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆ బాధ నాకింకా తగ్గలేదు.

అక్టోబరులో వెళితే 1865లో ఆ ఇంటి యజమాని సీబరీ పోయినప్పటిలా నల్లగుడ్డలు కట్టి ఉంచుతారట. ఎప్పుడు వెళ్లినా సరే, మోకాళ్లు నొప్పి పుట్టినా పై అంతస్తు దాకా ఎక్కండి.