అవతలి పార్టీ మనిషి పోయినప్పుడు

చిరంజీవి అల్లుడికి మామ దీవెనలు.

మొన్న పొద్దున మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. అప్పటికే ఆ స్క్రీన్‌షాట్ మా చిక్కడపల్లి వాకింగ్ గ్రూపులో తిరుగుతోంది. అవతలి పార్టీ మాజీ కార్పొరేటర్ పోయిన గంటకే ఆయన పాత వీడియో ఒకటి తవ్వితీసి, పైన ‘కర్మ ఎవర్నీ వదలదు’ అని రాసి, పక్కన రెండు నవ్వు బొమ్మలు. గంటన్నరలో తీసేశావట. తీసేస్తే పోయే రోజులా ఇవి?

తిట్టడానికి రాయడం లేదు. ఫోన్లో చెబితే ‘సరే మామా, సరే మామా’ అంటావు, చెవిన పెట్టవు. ముప్పై ఏళ్లు ఒక పార్టీ ఆఫీసులో టైపు మిషన్ ముందు కూర్చున్నవాణ్ణి. ఎన్ని సంతాప ప్రకటనలు కొట్టానో లెక్కలేదు, అందులో సగం అవతలి పార్టీల వాళ్లవే. రేపు మీ అన్న, అదే మీ పార్టీ నాయకుడు, ఆ ఇంటికి పలకరింపుకు వెళ్తున్నాడనీ, ఎల్లుండి సంతాప సభలో మాట్లాడతాడనీ, ఏం మాట్లాడాలో రాసిచ్చే పని నీదేననీ మీ అమ్మ చెప్పింది. అందుకే ఈ ఉత్తరం.

ముందు ప్రకటన సంగతి. మా రోజుల్లో నా సొరుగులో ఒక తయారు కాగితం ఉండేది. పేరు, ఊరు, వయసు దగ్గర ఖాళీలు. మిగతాదంతా సిద్ధం: తీవ్ర దిగ్భ్రాంతి, తీరని లోటు, అజాతశత్రువు, ప్రగాఢ సానుభూతి. తొంభై ఏళ్లు దాటినాయన ఏడాదిగా మంచాన ఉండి పోయినా మా నాయకుడికి తీవ్ర దిగ్భ్రాంతే. ఒకసారి ఒక్క వారంలో ముగ్గుర్ని అజాతశత్రువుల్ని చేశాను. అందులో ఒకాయనకీ మాకూ కోర్టులో కేసు నడుస్తోంది! మర్నాడు పేపర్ చూసి మా ఆఫీసు బయట చాయ్ బండివాడు అడిగాడు: “సార్, ఈయనకి శత్రువులే లేరా? మరి మీరు పదేళ్లుగా తిడుతున్నది ఎవర్ని?” చచ్చినోడి కళ్లు చారెడు అని ఊరికే అనలేదు. నీ ‘కర్మ’ పోస్టూ, నా అజాతశత్రువు కాగితమూ నా లెక్కలో ఒకటే. రెండింట్లోనూ పోయిన మనిషి కనిపించడు.

మరి ఏం రాయాలి? నాకు అది తెలిసింది ఆఫీసులో కాదు, క్యూలో నిలబడ్డప్పుడు.

1996 జనవరి 18న ఎన్టీఆర్ పోయారు. ముఖ్యమంత్రి కుర్చీ పోయి అప్పటికి ఐదు నెలలు కూడా కాలేదు. నేను పనిచేసేది ఆయనకి ఎదురు పార్టీలో. అయినా కాళ్లు ఆగలేదు, చివరి చూపుకి లాల్ బహదూర్ స్టేడియానికి పోయాను. క్యూలో నా ముందు గుంటూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన, పంచె, చంకలో గుడ్డసంచి. మాటల్లో తెలిసింది, ఆయన కరణం. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులు రద్దు చేసినప్పుడు ఆయన పనీ పోయింది. “మా తాతల నాటి నుంచి వస్తున్న పని అండీ. ఒక్క కాగితంతో తీసేశాడు. ఇప్పటికీ అది తప్పనే అంటాను” అన్నాడు. మరి ఎందుకొచ్చారని అడిగాను. సంచి ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని, “మా పాలేరు రెండు రూపాయల బియ్యం తెచ్చుకోవడం నేను కళ్లారా చూశానుగా” అన్నాడు. అంతే. కాసేపటికి లైను కదిలింది. తర్వాత ఆయన కనబడలేదు.

ఇన్నేళ్లలో అంత మంచి సంతాపం నేనొక్కటీ టైపు చేయలేదు. గొడవ ఏమిటో చెప్పాడు, దాన్ని తగ్గించుకోలేదు. కళ్లారా చూసిన ఒక్క సంగతి చెప్పాడు, దాన్ని పెంచలేదు. నువ్వూ అదే చెయ్యి. ‘ఆయనతో మాకు విభేదాలున్నా’ అని అందరూ రాస్తారు. ఆ విభేదం ఏమిటో ఒక్కరూ రాయరు. పేరు పెట్టి రాయి, ఒక్క వాక్యం చాలు. రెండోది మాత్రం ఎవరో చెప్పింది కాకుండా, మీలో ఒకరు చూసింది కావాలి. అది దొరక్కపోతే రెండు లైన్లతో సరిపెట్టు, ఎవరూ ఏమీ అనుకోరు.

పోయిన కార్పొరేటర్ మీద విమర్శలే వద్దని నేననడం లేదు. ఆ కమ్యూనిటీ హాలు లెక్కలు అడగాల్సినవే, పెద్దకర్మ అయ్యాక కాగితాలు పట్టుకుని అడగండి. కానీ మనిషి పోయాడని సంబరపడటం విమర్శ కాదు. పైగా మన చట్టంలో ఒక సంగతి ఉంది, నీ ఈడు వాళ్లకి చాలామందికి తెలియదు. పోయినవాళ్ల మీద, బతికుంటే వాళ్ల పరువు తీసే మాట, ఇంటివాళ్ల మనసు గాయపరచాలనే ఉద్దేశంతో అంటే అదీ పరువు నష్టం కిందికే వస్తుంది. పాత ఐపీసీలో 499, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 356.

ఇంకోవైపు కూడా చూడు. 2012 నవంబరులో శివసేన నాయకుడు బాల్ ఠాక్రే పోయినప్పుడు ముంబై అంతా మూతపడింది. ఆయన పార్టీ అప్పుడు ఆ రాష్ట్రంలో ప్రతిపక్షంలోనే ఉంది. పక్కనే పాల్ఘర్‌లో ఒక అమ్మాయి, ఈ బంద్ భయంతోనే గానీ గౌరవంతో కాదని ఫేస్‌బుక్‌లో రాసింది. ఇంకో అమ్మాయి దానికి లైక్ కొట్టింది. ఇద్దర్నీ అరెస్టు చేశారు. ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా పోయి, 2015 మార్చిలో ఇలాంటి రాతలకి అరెస్టు చేయనిచ్చే ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ కొట్టేసేదాకా వచ్చింది. ఆ పిల్ల రాసింది విమర్శ, నువ్వు రాసింది వెక్కిరింపు. నీ పోస్టు చూసి ఎవరైనా నీ మీద కేసు పెడతానంటే నీ తరఫున నేనే వస్తాను. కానీ రెండూ ఒకటేనని మాత్రం నా దగ్గర వాదించకు.

తొందర గురించి ఒక ముక్క. 1979 మార్చిలో లోక్‌నాయక్ జయప్రకాశ్ నారాయణ్ పోయారని సాక్షాత్తూ ప్రధానమంత్రే లోక్‌సభలో చెప్పారు, సంతాపాలు కూడా అయిపోయాయి. ఆయన బొంబాయి ఆస్పత్రిలో బతికే ఉన్నారు. పోయింది అక్టోబరులో. నా బాగోతం కూడా విను. ఒక పెద్దాయన ఆస్పత్రిలో సీరియస్‌గా ఉంటే మా నాయకుడు ‘రెడీ చేసి పెట్టు’ అన్నాడు. చేశాను. ఆఫీసు బాయ్ అది రెడీ అయిన కాగితం అనుకుని నాలుగు పేపర్లకి పంచి వచ్చాడు. రాత్రి పదింటికి స్కూటర్ మీద నాలుగు ఆఫీసులూ తిరిగి కాళ్లావేళ్లా పడి వెనక్కి తెచ్చాను. ఆ పెద్దాయన ఇంకో ఆరేళ్లు బతికాడు, కనబడ్డప్పుడల్లా నేను గోడ పక్కకి నక్కేవాణ్ణి. ఇంటివాళ్లు చెప్పాకే పోస్టు పెట్టు. గ్రూపులో ఎవరో ‘ఆర్ఐపీ’ అన్నారని కాదు.

ఇక రేపటి పలకరింపు. రెండు కార్లు మించొద్దు, అవీ సందు మొదట్లోనే ఆపమను. ఖండువా కార్లోనే వదిలేయమను. దండ ఒక్కటి చాలు, అదీ ఫొటో దగ్గర పెట్టి పక్కకి రావాలి. కెమెరా కోసం మళ్లీ వేయకూడదు. (మన టీవీవాళ్లు ‘అన్నా, ఇంకోసారి’ అంటారు, నాకు తెలుసు.) ఆయన భార్య దగ్గర ‘ధైర్యంగా ఉండండి’ లాంటివి ఏమీ అనక్కర్లేదు. దణ్ణం పెట్టి, కొడుకు పక్కన ఐదు నిమిషాలు నేల మీద కూర్చుంటే చాలు. కొడుకు నీ పోస్టు సంగతి ఎత్తితే మీ అన్న వెనక దాక్కోకు. ‘తప్పు చేశాను’ అను. ‘ఎవరికైనా బాధ కలిగి ఉంటే’ అనకు, బాధ కలిగిందని నీకు తెలుసు. పాతబస్తీలో ముస్లింల ఇంటికి పుర్సాకి, అంటే పరామర్శకి, వెళ్లాల్సొస్తే పూలదండలు తీసుకెళ్లకు, పలకరించి కూర్చుని వస్తే చాలు.

మీ పార్టీ కుర్రాళ్లు అప్పుడే ఆ ఇంట్లోంచి ఎవరు నిలబడతారు, సానుభూతి ఎంత పడుతుంది అని లెక్కలు కడుతున్నారట. ఇంట్లో దీపం ఇంకా ఆరలేదు! అయినా అడిగారు కాబట్టి చెబుతున్నా. 2024 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఎమ్మెల్యే లాస్య నందిత ఔటర్ రింగ్ రోడ్డు మీద ప్రమాదంలో పోయింది. గెలిచి మూడు నెలలు కాలేదు, తండ్రి పోయి ఏడాది. ఆమెది ప్రతిపక్ష పార్టీ, అయినా ప్రభుత్వం అధికార లాంఛనాలతో సాగనంపింది. అంతకుముందు ఇంకో పార్టీ ప్రభుత్వం 2018లో తెలుగుదేశం నేత హరికృష్ణకీ, 2019లో కాంగ్రెస్ నేత జైపాల్ రెడ్డికీ అలాగే చేసింది. ఈ మర్యాద మన ఊళ్లో కొత్తదేం కాదు. అది అయ్యాక మే నెలలో కంటోన్మెంట్‌లో ఉప ఎన్నిక వచ్చింది, నందిత తోబుట్టువు నిలబడి ఓడిపోయింది. కన్నీళ్లు పెట్టినవాళ్లు కూడా ఓటు తమ లెక్కన తాము వేశారు. కాబట్టి ఆ లెక్కల పుస్తకం మూసి పెట్టమను.

ఎల్లుండి సభకి నేనే ఒక చిన్న ముసాయిదా రాశాను. నచ్చితే వాడుకో:

‘పదిహేనేళ్లు ఆయనా నేనూ ఈ డివిజన్‌లో కొట్లాడుకున్నాం. కమ్యూనిటీ హాలు విషయంలో ఆయన చేసింది తప్పని ఆయన ముందే అన్నాను, ఆయనా నన్ను అంతకంటే గట్టిగా అన్నారు. 2020 అక్టోబరు వానలప్పుడు...’

ఇక్కడ ఖాళీ వదిలాను. ఆ రాత్రి మీ వీధిలో నడుంలోతు నీళ్లలో ఆయన నెత్తిన పాల ప్యాకెట్ల ట్రే పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడని మీ అమ్మ చెప్పింది. మీ అన్న అప్పుడు అక్కడ ఉన్నాడో లేదో కనుక్కో. ఉంటేనే అన్న పేరు మీద రాయి. లేకపోతే ఆ ముక్క నువ్వే లేచి చెప్పు. మేడ మీంచి తాడు వేసి ఆ ప్యాకెట్లు పైకి లాగింది నువ్వేనట కదా.

మీ మామ