పదో తరగతి బయాలజీ: ఆయాసం దగ్గర మొదలుపెట్టి చూడండి

మీ అబ్బాయి పదో తరగతి. గుండె అంతర్నిర్మాణం, శ్వాసక్రియ, కణాంగాలు అన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తాడు. కానీ "పరిగెత్తితే ఆయాసం ఎందుకొస్తుందిరా?" అని అడిగితే నోరు మెదపలేదట. ట్యూషన్ మార్చాలా అని అడిగారు. నేను విజయవాడ సత్యనారాయణపురంలో చాలా ఏళ్లుగా ఇంటి దగ్గర తొమ్మిది, పది పిల్లలకు బయాలజీ చెప్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మీ వాడిలాగే వస్తారు. ట్యూషన్ సంగతి చివర్లో చెప్తాను. ముందు మీరు వేసిన ఆ ఆయాసం ప్రశ్నను వదలకండి. కణం, గుండె, ఊపిరితిత్తులు మూడూ అందులోనే ఉన్నాయి. పుస్తకంలో విడివిడిగా ఉండేసరికి పిల్లలు వాటిని మూడు వేర్వేరు సబ్జెక్టుల్లా చదివేస్తారు, అంతే.

నేను ముక్కు దగ్గర మొదలుపెట్టను. కణం దగ్గర మొదలుపెడతాను. కాలి కండరంలోని కణం పని చేయాలంటే శక్తి కావాలి. గ్లూకోజ్‌ను ఆక్సిజన్ సాయంతో విడగొట్టి ఏటీపీ (కణం పనికి ఖర్చుపెట్టే శక్తి ఇందులోనే ఉంటుంది) తయారుచేసుకోవడం ఎక్కువభాగం కణంలోని మైటోకాండ్రియా అనే చిన్న భాగాల్లో జరుగుతుంది. ఆ ఆక్సిజన్ అక్కడిదాకా చేరాలి, అక్కడ పుట్టిన కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవాలి. ఊపిరితిత్తులు, గుండె, రక్తనాళాలు చేసే పనిలో పెద్ద భాగం ఈ రవాణాయే. "శ్వాసక్రియ ఎక్కడ జరుగుతుంది?" అంటే "ఊపిరితిత్తుల్లో" అని ఊరుకునే పిల్లాడికి ఈ ముక్క ఇంకా ఎక్కలేదన్నమాట. ఉల్లిపొర కణాలు స్కూల్లో చూసే ఉంటాడు. వాటిలో మైటోకాండ్రియా ఉంటాయా అని అడగండి. "మొక్క కదా, ఉండవు" అంటాడేమో. ఉంటాయి. ఉల్లిగడ్డ పొరలో లేనివి హరితరేణువులు, అంటే ఆకుకు పచ్చరంగునిచ్చే భాగాలు.

ఇక ఆయాసం. మా పిల్లలను వీలున్నప్పుడు ఇంద్రకీలాద్రి మెట్ల దారిలో తీసుకెళ్తాను. మీకు కుదరకపోతే అపార్ట్‌మెంట్ మెట్లు చాలు, కరెంటు పోయి లిఫ్ట్ ఆగినప్పుడు ఎలాగూ ఎక్కాలి. కింద కూర్చోబెట్టి నాడి లెక్కపెట్టించండి, పైకెక్కిన వెంటనే మళ్లీ లెక్కపెట్టించండి. మణికట్టు మీద బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి చూడాలి. బొటనవేలితో చూస్తే ఆ వేలి నాడే తగిలి లెక్క తప్పుతుంది. ఊపిరి ఎన్నిసార్లు తీశాడో మీరు లెక్కపెట్టండి, వాడికి తెలియకుండా. తెలిస్తే ఊపిరి తీరు మారిపోతుంది.

రెండు లెక్కలూ పెరుగుతాయి. ఎందుకు రెండూ కలిసి పెరిగాయో వాడినే చెప్పమనండి. కాలి కండరాలు ఎక్కువ ఆక్సిజన్ వాడుకున్నాయి, ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ రక్తంలోకి వదిలాయి. ఆ వాయువు పెరిగితే రక్తం కాస్త ఆమ్లత్వం వైపు జరుగుతుంది. మెదడు కింది భాగంలోని మజ్జాముఖం దాన్ని పసిగట్టి ఊపిరి వేగం పెంచుతుంది. ఊపిరి బిగబట్టినప్పుడు ఉక్కిరిబిక్కిరి అయ్యేది కూడా ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకే, ఆక్సిజన్ అయిపోయినందుకు కాదు. (ఇది విన్న మగపిల్లలకు వెంటనే ఊపిరి బిగబట్టే పోటీ గుర్తొస్తుంది. ఘాట్‌లో నీళ్లలో మునిగి అలాంటి పోటీలు వద్దని గట్టిగా చెప్పండి. ముందుగా గబగబా ఊపిరి తీసి మునిగితే ఆ హెచ్చరిక ఆలస్యంగా వస్తుంది, ఈలోపే స్పృహ తప్పొచ్చు.)

గుండె పాఠానికి మాత్రం ఒక ఆదివారం కేటాయించండి. మటన్ కొట్టు దగ్గరికి పొద్దున్నే వెళ్లి "గుండెకాయ ముక్కలు కొట్టొద్దు, పైన గొట్టాలు తీసేయొద్దు, అలాగే ఇవ్వు బాబూ" అని అడగాలి. చెప్పకపోతే వాళ్లు అలవాటుగా శుభ్రం చేసి, నాళాలన్నీ కోసేసి ఇస్తారు. అప్పుడు చూడ్డానికి ఏమీ మిగలదు. కత్తి మీ చేతిలోనే ఉండాలి. చూపించేది వాడికి.

కోయకముందే చేత్తో నొక్కమనండి. ఒక పక్క మెత్తగా, ఇంకో పక్క గట్టిగా తగులుతుంది. గట్టిగా ఉన్నది ఎడమ జఠరిక, అంటే గుండెలో ఎడమవైపు కింది గది. ఇప్పుడు పైనున్న మందపాటి గొట్టాన్ని, బృహద్ధమనిని, నిటారుగా పట్టుకుని అందులో నీళ్లు పోయండి. లోపలి కవాటం (రక్తాన్ని ఒకే వైపు పోనిచ్చే తలుపు) దెబ్బతినకుండా ఉంటే నీళ్లు లోపలికి దిగకుండా నిలబడతాయి. "కవాటాలు రక్తం వెనక్కి రాకుండా ఆపును" అని ఎన్నిసార్లు రాసినా రానిది ఆ ఒక్కసారి చూస్తే వస్తుంది. తర్వాత నిలువుగా కోస్తే ఎడమ జఠరిక గోడ కుడిదానికంటే ఎంత మందమో కనిపిస్తుంది. కవాటాల అంచుల నుంచి కిందికి తెల్లటి సన్నని తాళ్లుంటాయి. జఠరిక సంకోచించినప్పుడు కవాటం పైకి తిరగబడకుండా అవి పట్టి ఉంచుతాయి. బృహద్ధమని మొదట్లో, కవాటానికి కాస్త పైన, రెండు చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. గుండె తనకోసం రక్తం తీసుకునేది అక్కడి నుంచే. గుండెపోటు గురించి ఇంట్లో వినే మాటలన్నీ ఆ దారిలో వచ్చే అడ్డు గురించేనని చెప్పండి.

మందంలో తేడా ఎందుకని అడిగితే ఇప్పుడు వాడే చెప్పగలడు. కుడి జఠరిక పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపితే చాలు, ఎడమది ఒళ్లంతటికీ పంపాలి. పక్కపక్కనే అతికించిన రెండు మోటార్లలాంటివి ఇవి, ఒకదాని నీళ్లు ఇంకోదానిలో కలవవు. మీ ఇంట్లో మాంసం ముట్టరంటే ఇబ్బంది పడకండి, దీని వీడియోలు దొరుకుతాయి. ముట్టేవాళ్లయితే చేతులు సబ్బుతో కడిగించండి. కూర సంగతి మీ ఇష్టం, మా వాళ్లు మాత్రం ఆ పూట తినరు.

పిల్లలు తడబడే పెద్ద చోటు పుపుస ధమని, అంటే గుండె నుంచి ఊపిరితిత్తులకు ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తాన్ని తీసుకెళ్లే నాళం. "ధమనిలో ఆక్సిజన్ ఉన్న రక్తం, సిరలో లేని రక్తం" అని బట్టీ పట్టి, ఊపిరితిత్తుల దగ్గరికి వచ్చేసరికి తికమక పడతారు. గుండె నుంచి బయటికి తీసుకెళ్లేది ధమని, గుండెకు తెచ్చేది సిర. ఇంతే పట్టుకోమనండి, పుపుస ధమని దానంతటదే సర్దుకుంటుంది. బొమ్మలో నీలం రంగు వేస్తారు కాబట్టి సిరల్లో రక్తం నీలంగా ఉంటుందనుకునే పిల్లలూ ఉన్నారు. ల్యాబ్‌లో రక్తపరీక్షకు తీసేది సిర నుంచే. సిరంజిలోకి వచ్చేది ముదురు ఎరుపు.

కాస్త లెక్కలంటే ఇష్టమున్న పిల్లాడైతే రక్తం ఒంట్లో తిరుగుతుందని చూపిన ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే చేసిన పని చేయించండి. గుండె నిమిషానికి సుమారు 72 సార్లు కొట్టుకుంటుంది, ఒక్కోసారి 70 మి.లీ. రక్తం బయటికి పంపుతుంది. గుణిస్తే దాదాపు 5 లీటర్లు. పెద్దవాళ్ల ఒంట్లో ఉన్న రక్తమే సుమారు అంత. హార్వే కాలంలో, రక్తం కాలేయంలో కొత్తగా తయారై ఒంట్లో ఖర్చైపోతుందని నమ్మేవారు. అరగంటలో గుండె పంపే రక్తం ఒంట్లో ఉన్న మొత్తంకంటే ఎక్కువని ఆయన లెక్క కట్టాడు. అంత రక్తం కొత్తగా పుట్టదు కాబట్టి ఉన్నదే తిరుగుతోందని 1628లో పుస్తకం వేశాడు. ధమని నుంచి సిరలోకి ఎలా వెళ్తుందో మాత్రం ఆయన చూడలేకపోయాడు. ఆయన చనిపోయాక, 1661లో ఇటలీ శాస్త్రవేత్త మాల్పీజీ కప్ప ఊపిరితిత్తుల్లో సూక్ష్మదర్శినితో రక్తకేశనాళికలను, అంటే ధమనినీ సిరనూ కలిపే అతి సన్నని నాళాలను, చూశాడు. ఎర్ర రక్తకణాలు వాటిలో దాదాపు ఒకదాని వెనక ఒకటిగా వెళ్తాయి, ఆక్సిజన్‌ను చుట్టుపక్కల కణాలకు వదిలేది అక్కడే. నాకు భలే నచ్చే విషయం ఒకటుంది. మన ఎర్ర రక్తకణానికి కేంద్రకం ఉండదు, మైటోకాండ్రియా కూడా ఉండవు. అంటే మోసుకెళ్లే ఆక్సిజన్‌ను అది దారిలో వాడుకోదు.

మనం వదిలే గాలిలో ఏముందో చూపించడానికి సున్నపు తేట సరిపోతుంది. కిళ్లీ కొట్లో దొరికే సున్నం నీళ్లలో కలిపి రాత్రంతా వదిలేసి, పైన తేరిన తేట గ్లాసులోకి తీసి స్ట్రాతో ఊదమనండి. తెల్లబడుతుంది. పీల్చకూడదు, కళ్లలో పడకూడదు. ఆ తర్వాత వాడు "మనం వదిలేది కార్బన్ డయాక్సైడ్" అని తీర్మానించేస్తాడు. అక్కడ ఆపండి. పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం అయితే వదిలే గాలిలో ఇంకా సుమారు 16 శాతం ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ 4 శాతమే. నోటితో ఊపిరి ఊది మనిషిని బతికించగలిగేది ఆ 16 శాతం ఉండబట్టే.

జీవవైవిధ్యం పాఠం బోరు అంటున్నాడన్నారు. చేపల మార్కెట్‌కు తీసుకెళ్లండి. తాజా చేపో కాదో అని మనం మొప్ప ఎత్తి చూస్తాం కదా. ఆ ఎరుపు మొప్పల్లోని రక్తనాళాలది. బొచ్చె, రాగండి నీళ్ల నుంచి తీస్తే ఎక్కువసేపు బతకవు. గాలిలో మొప్పల పోగులు ఒకదానికొకటి అంటుకుపోయి పనికిరాకుండా పోతాయి. కొరమీను మాత్రం టబ్బులో వేలెడు నీళ్లున్నా కదులుతూనే ఉంటుంది. దానికి మొప్పల పైన గాలి నింపుకునే అర ఉంటుంది, నీటి పైకొచ్చి గాలి మింగుతుంది. పైకి రానివ్వకుండా చేస్తే నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. చేప గుండెకు రెండు గదులు, కప్పకు మూడు, పక్షికీ మనకూ నాలుగు. బొద్దింకకైతే గాలి గొట్టాల్లో నేరుగా కణాల దాకా వెళ్తుంది. రక్తం ఆక్సిజన్ మోయనక్కర్లేదు కాబట్టి దానికి హీమోగ్లోబిన్ (మన రక్తంలో ఆక్సిజన్ మోసే ఎర్రటి పదార్థం) లేదు, రక్తం ఎర్రగా ఉండదు. కణానికి కావాల్సింది అదే ఆక్సిజన్, అది చేరే దారులు మాత్రం ఇన్ని. వర్గీకరణ పట్టికను ఇలా చదివిస్తే కొంచెం ఊపిరి పోసుకుంటుంది. చలికాలంలో గుంటూరు దగ్గర ఉప్పలపాడు పక్షుల కేంద్రానికి వెళ్తే చెరువులో తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుని కనిపిస్తాయి. పక్షి ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిశలో సాగుతుందని, ఊపిరి వదిలేటప్పుడు కూడా కొత్త గాలి అందుతుందని అక్కడ చెప్పండి. ఎగరడానికి ఎంత శక్తి కావాలో వాడే ఊహించుకుంటాడు.

ట్యూషన్ ఇప్పుడే మార్చకండి. బొమ్మలు, భాగాల పేర్లు, నిర్వచనాలు వాడికి బాగానే వచ్చు, పరీక్షలో మార్కులు పోనివి అవే. సార్‌తో ఒక్క మాట చెప్పండి: వారానికోసారి పుస్తకం మూయించి, "ఎందుకు" అన్న ప్రశ్న ఒకటి ఇచ్చి సొంత మాటల్లో రాయించమని. ఆయన కుదరదంటే అప్పుడు మార్చడం గురించి ఆలోచించవచ్చు.