బాణం గుర్తుల్లేని డిటెక్టివ్ గేములు

తమ్ముడూ, కొన్న రెండు డిటెక్టివ్ గేముల్లోనూ ఆధారం ఎక్కడుందో బాణం గుర్తే చూపించేస్తోందని రాశావు. నువ్వు 'రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్' (2018) ఆడాల్సిందే. 1807లో మనుషుల్లేకుండా తిరిగొచ్చిన ఓడ. అందులోని 60 మంది ఎవరెవరో, ఏమయ్యారో నువ్వే తేల్చి రాయాలి. ముగ్గురివి సరిపోతే గానీ గేమ్ ఒప్పుకోదు, గుడ్డిగా కొడితే కుదరదు. అనంతపురంలో మా మిద్దె మీద నేనూ అక్కా లాంగ్ నోట్‌బుక్ ముందేసుకుని ఆడాం. ఊయల పడక మీది నంబరును బట్టి ఒకడి పేరు దొరికినప్పుడు అక్క కేకకు కింద అమ్మ నిద్ర లేచింది!

ల్యాప్‌టాప్ మరీ పాతదైతే ముందు 'హర్ స్టోరీ' (2015) చూడు, ఫోన్‌లోనూ నడుస్తుంది. పోలీసు విచారణ వీడియోల్ని ఒక్కో మాట కొట్టి వెతకాలి. గేములమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొంటే, రెండు గంటల లోపే ఆడి 14 రోజుల్లో అడిగితే డబ్బు వెనక్కిస్తారు, టెన్షన్ వద్దు.