సెంట్-ఫ్రీ ఆఫీసులో ఒక్క స్ప్రే కూడా వద్దు, కానీ అసలు సంగతి బట్టల్లో ఉంది

మీరడిగింది ఇది: కెనడాలోని హాలిఫాక్స్‌లో కొత్త ఉద్యోగం, ఆఫర్ లెటర్‌లో ‘సెంట్-ఫ్రీ’ (సువాసన వచ్చేవేవీ వాడకూడని చోటు) అని రాసుంది. పొద్దున పెర్ఫ్యూమ్ ఒకటి రెండు స్ప్రేలు కొట్టుకుంటే పర్లేదా, మానేస్తే చెమట వాసన వస్తుందేమో అని.

వద్దండి, ఒక్క స్ప్రే కూడా. హాలిఫాక్స్ ఉన్న నోవా స్కోషియా రాష్ట్రంలో ఈ పద్ధతి 1990ల నుంచే ఉంది, అక్కడి ఆస్పత్రులు, యూనివర్సిటీలు దీన్ని తేలిగ్గా తీసుకోవు. ఆస్తమా, మైగ్రేన్ ఉన్నవాళ్లకి పక్క సీటు పెర్ఫ్యూమ్ చాలు, ఆ రోజు పని ఆగిపోతుంది. చలికాలం కిటికీలు తెరవరు, లోపలి గాలే తిరుగుతుంటుంది. అమెరికాలో 2010లో డెట్రాయిట్ నగరపాలక సంస్థ ఇలాంటి కేసులోనే ఒక ఉద్యోగినికి లక్ష డాలర్లు ఇచ్చి రాజీ పడింది. ‘నాకేం వాసన రావట్లేదే’ అన్నది కొలత కాదు. కాసేపట్లోనే మన ముక్కు మన వాసనకి అలవాటు పడిపోతుంది.

పెర్ఫ్యూమ్ మానేయడం సులువే. మానేశాక కూడా ఎవరైనా ఇబ్బంది పడుతున్నారంటే ముందు బట్టలు చూసుకోండి. ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్‌లో, డ్రయ్యర్ షీట్లలో (బట్టలు ఆరేటప్పుడు డ్రయ్యర్‌లో వేసే సువాసన కాగితాలు), సెంట్ బీడ్స్‌లో (ఉతికేటప్పుడు వేసే సువాసన గుళికలు) వేసే మస్క్‌లు అనే సుగంధ పదార్థాలు ఉతికినా పోకుండా బట్టకి పట్టి ఉండాలనే తయారుచేస్తారు. ఈ మూడూ పూర్తిగా ఆపండి. డిటర్జెంట్ టైడ్ ఫ్రీ అండ్ జెంటిల్ లాంటి, సువాసన కలపనిది తీసుకోండి. పాత బట్టల్లో వాసన మిగిలుంటే నీళ్లలో అరకప్పు బేకింగ్ సోడా వేసి రాత్రంతా నానబెట్టి ఉతకండి, చివరి జాడింపులో ఒక కప్పు తెల్ల వెనిగర్ వేయండి. వెనిగర్‌ని బ్లీచ్‌తో మాత్రం ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. వాసన పూర్తిగా పోయేదాకా డ్రయ్యర్‌లో వేయకుండా స్టాండు మీద ఆరేయండి. రెండు మూడు ఉతుకులు పట్టొచ్చు.

అపార్ట్‌మెంట్‌లో అందరూ వాడే లాండ్రీ అయితే ఇంకో చిక్కు ఉంది. మీకంటే ముందు వేసినవాళ్ల డ్రయ్యర్ షీట్ మైనం డ్రమ్ముకి అంటుకుని ఉంటుంది, వేడికి అది మీ చొక్కాలకి ఎక్కుతుంది. డ్రమ్ము చల్లగా ఉన్నప్పుడు తడిగుడ్డతో తుడవండి, బట్టల నూగు పేరుకునే లింట్ జాలీ ఖాళీ చేయండి. ఆఫీసు బట్టల వరకైనా ఇంట్లో ఆరేసుకుంటే ఈ గొడవే ఉండదు.

కొనేటప్పుడు ‘ఫ్రాగ్రెన్స్-ఫ్రీ’ అన్నదే చూడండి. ‘అన్‌సెంటెడ్’ అన్నవాటిలో అసలు వాసనని కప్పేయడానికి వేరే సుగంధం కలిపి ఉండొచ్చు. వెనక పదార్థాల జాబితాలో ‘పర్ఫ్యూమ్’ అని గానీ ‘ఫ్రాగ్రెన్స్’ అని గానీ ఉంటే పక్కన పెట్టేయండి. అత్తరు సహజం కదా అని మినహాయింపు లేదు. అది నూనె కాబట్టి ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది.

మన ఇళ్లలో జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి. తలనూనె మొదటిది. ఆమ్లా నూనెలు, సువాసన కలిపిన కొబ్బరినూనె శని, ఆదివారాలకి ఉంచండి. రోజూ రాసుకోవాలంటే వాసన తీసేసిన రిఫైన్డ్ కొబ్బరినూనె దొరుకుతుంది, కొద్దిగా రాత్రి పూట రాసుకుంటే సరి. అగరుబత్తి, సాంబ్రాణి పొగ జుట్టుకీ ఉన్ని కోటుకీ పట్టినంతగా ఇంకెక్కడా పట్టదు. పొద్దున దీపం మాత్రం వెలిగించి, అగరుబత్తి సాయంత్రం వచ్చాక పెట్టుకోండి. కోటు, స్కార్ఫ్ వేరే గదిలో తలుపేసి ఉంచండి, పోపు ఘాటు కూడా ఇలాగే ఎక్కుతుంది. బయటి చలిలో కోటు వాసన తెలియదు, ఆఫీసు వెచ్చదనానికి ఒక్కసారిగా బయటికొస్తుంది. ఇండియా నుంచి సూట్‌కేసులో కలరా ఉండలతో వచ్చిన స్వెటర్లు ఉతకకుండా వేసుకోవద్దు. అమృతాంజనం, జండూ బామ్ ఆఫీసుకి తీసుకెళ్లకపోవడమే మంచిది. వారాంతంలో పెర్ఫ్యూమ్ వాడినా ఒంటికే కొట్టుకోండి, స్కార్ఫ్ మీద వద్దు.

ఇక చెమట భయం. చెమటకి స్వతహాగా పెద్ద వాసన ఉండదు, చర్మం మీది బాక్టీరియా దాన్ని విరగ్గొట్టడం వల్ల వస్తుంది. స్నానం చేశాక తడి ఒంటి మీదే పటికబిళ్ల చంకల్లో పావు నిమిషం రుద్ది ఆరనివ్వండి. బాక్టీరియా పెరగకుండా చూస్తుంది, వాసన ఉండదు. చెమట ఎక్కువ పట్టేవాళ్లు ఫ్రాగ్రెన్స్-ఫ్రీ యాంటీపెర్స్పిరెంట్‌ని రాత్రి పొడి చర్మం మీద రాసుకోవాలి. పొద్దున తడిగా ఉన్నప్పుడు రాస్తే సరిగ్గా పనిచేయదు. లోపల కాటన్ బనియన్ తప్పనిసరి. పాలిస్టర్ చొక్కా చెమట వాసనని పట్టుకుని వదలదు. ఉతికిన చొక్కా ఒకటి జిప్ కవర్లో పెట్టి డెస్కులో ఉంచుకోండి.

పొరపాటున ఒంటికి పెర్ఫ్యూమ్ తగిలితే నీళ్లతో కడిగినంత మాత్రాన పోదు. సుగంధ పదార్థాలు నూనెలో కరుగుతాయి. వాసన లేని నూనె నాలుగు చుక్కలు రుద్ది, టిష్యూతో తుడిచి, ఫ్రాగ్రెన్స్-ఫ్రీ సబ్బుతో కడగండి. ఎవరైనా వచ్చి చెబితే వాదించకుండా ‘ఏ వాసన అనిపిస్తోంది?’ అని అడగండి. సబ్బులాగానా, పూలలాగానా, పొగలాగానా అన్నది తెలిస్తే అది డిటర్జెంటో, తలనూనో, కోటో అప్పటికప్పుడే దొరుకుతుంది. చేరకముందే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి వాళ్ల పాలసీ కాగితం తెప్పించుకోండి. తలనూనె, బామ్, పూలు అందులో ఉన్నాయో లేదో రాతపూర్వకంగా అడగండి.