పర్ఫార్మెన్స్ గడిలో ఏం రాయాలి: మేనకోడలికి ఒక ఉత్తరం

అమ్మలూ,

నిన్న రాత్రి నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు నీ దగ్గరే ఉంది. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. రాయదుర్గం ఆఫీసులో అప్రైజల్ ఫారం ఇచ్చారని, 'మీ పర్ఫార్మెన్స్ గురించి రాయండి' అన్న గడి దగ్గర రెండు రోజులుగా ఆగిపోయానని అన్నావు. నువ్వు చదివి వినిపించిన వాక్యం గుర్తుంది: 'ఐ హావ్ గివెన్ బెస్ట్ పర్ఫార్మెన్స్.' ముందు దాన్ని కొట్టెయ్.

చిక్కడపల్లిలో వకీలు గారి ఆఫీసులో ముప్పై ఏళ్లు టైపు చేశాను కదా. ఈ మాట నాకు పరిచయమైంది దావా కాగితాల్లోనే. ఉప్పల్ వైపు ఒకాయన ప్లాటు అమ్ముతానని అగ్రిమెంటు రాసి అడ్వాన్సు పుచ్చుకుంటాడు. రేటు పెరగ్గానే రిజిస్ట్రేషన్‌కు మొహం చాటేస్తాడు. కొన్నాయన 'అడ్వాన్సు వెనక్కి వద్దు, ఒప్పుకున్నట్టు రిజిస్టర్ చేయించండి' అని కోర్టుకు వస్తాడు. అదే స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్ దావా. అక్కడ పర్ఫార్మెన్స్ అంటే ఆటా పాటా కాదు, ఒప్పుకున్నది నెరవేర్చడం. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఒప్పందాల పర్ఫార్మెన్స్ మీద ఒక అధ్యాయమే ఉంది.

1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో 16వ సెక్షన్ నీకు పనికొస్తుంది. దావా వేసినవాడు తన వంతు నెరవేర్చాననో, నెరవేర్చడానికి మొదటి నుంచీ సిద్ధంగా ఉన్నాననో రుజువు చేయాలి. అందుకే ప్రతి దావాలోనూ 'రెడీ అండ్ విల్లింగ్' అని టైపు చేసేవాణ్ణి. విల్లింగ్ అంటే మనసు ఉండటం, రెడీ అంటే ఆ పనికి తగ్గ స్తోమత ఉండటం. క్లయింటు ఎంత ఆవేశంగా చెప్పినా మా సీనియర్ నిదానంగా ఒకటే అడిగేవారు: 'సరే బాబూ, బ్యాంకు పాస్‌బుక్ ఏదీ?'

నీ గడిలోనూ పాస్‌బుక్కే పెట్టాలమ్మా. 'బెస్ట్' అన్నది పాస్‌బుక్ కాదు.

ఆ మాట పుట్టుక కూడా ఇదే చెబుతుంది. పర్ఫార్మ్ అన్నది పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. అక్కడ 'పర్' అంటే పూర్తిగా, 'ఫుర్నిర్' అంటే సమకూర్చడం, చేసి పెట్టడం. ఆకారం అనే అర్థమున్న 'ఫామ్'తో పుట్టుకలో దానికి చుట్టరికం లేదు, పలుకుబడి దగ్గరగా ఉండి తర్వాత అటు ఒరిగింది. అంటే మొదటి అర్థం 'పూర్తిగా చేసి పెట్టడం'. నాటకం, నాట్యం అనే అర్థం ఆ తర్వాత వచ్చి చేరింది. పురోహితుడు పూజ పర్ఫార్మ్ చేస్తాడు, డాక్టరు ఆపరేషన్ పర్ఫార్మ్ చేస్తాడు అని మనవాళ్లు ఇంగ్లీషులో రాసేది కూడా ఈ పాత అర్థంతోనే. పద్ధతి ప్రకారం మొదలుపెట్టి పూర్తిచేసే పని అది.

ఇంగ్లీషులో ఒకే మాట, తెలుగులో మాత్రం చోటును బట్టి మారుతుంది. స్టేజీ మీద ప్రదర్శన, కోర్టులో నెరవేర్పు, పోలీసుకో నర్సుకో విధి నిర్వహణ, ఫోన్‌కూ బండికీ నీ ఉద్యోగానికీ పనితీరు. ఇంగ్లీషులో రాసే ముందు మనసులో తెలుగు మాట ఏదో తేల్చుకో. నీ ఫారంలో అడిగింది పనితీరు. నువ్వు 'గివెన్' అనగానే అది ప్రదర్శన వైపు వెళ్లిపోయింది. కూచిపూడి అమ్మాయి రవీంద్రభారతిలో పర్ఫార్మెన్స్ ఇస్తుంది, బాగానే ఉంటుంది. ఆఫీసులో నువ్వు ఇచ్చేది పర్ఫార్మెన్స్ కాదు, పని.

ఇంకో తేడా నేను తప్పు చేసి నేర్చుకున్నాను. చేరిన కొత్తలో ఒక దావాలో 'పర్ఫార్మెన్సెస్' అని చివర బహువచనం పెట్టాను. సీనియర్ ఎర్ర సిరాతో కొట్టేసి, 'అగ్రిమెంటు నెరవేర్చడాన్ని ఎలా లెక్కపెడతావయ్యా' అన్నారు. ప్రదర్శనలు లెక్కపెట్టొచ్చు. సురభి వాళ్లు ఒకే నాటకాన్ని మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆడితే అవి రెండు పర్ఫార్మెన్సెస్. పనితీరుకు లెక్క లేదు. 'మై పర్ఫార్మెన్స్ దిస్ ఇయర్' అంటే చాలు. ఇక పర్ఫార్మెన్స్ తర్వాత ఏ మాట రావాలంటే, పరీక్షలో అయితే 'ఇన్', నాటకానిదో విధిదో అయితే 'ఆఫ్', చేసిన మనిషి పేరు ముందు 'బై'.

పలికేటప్పుడు బరువు రెండో అక్షరం మీద, 'ఫార్' మీద వెయ్యి. మొదటిది 'ప్రి' కాదు, 'పర్'. రాతలోనూ చాలామంది అక్కడే తడబడతారు. మీ తమ్ముడు అన్నానికి పేచీ పెడితే 'పర్ఫార్మెన్స్ ఆపరా' అంటావు చూడు, బ్రిటిష్ వాళ్లూ అనవసరమైన హడావుడిని అలాగే పర్ఫార్మెన్స్ అంటారు. మాట్లాడటానికి బాగుంటుంది, ఫారంలోకి రానివ్వకు.

ఇప్పుడు నీ గడి సంగతి. మానేసిన అబ్బాయి వదిలేసిన ఫిర్యాదులన్నీ నువ్వే తీర్చానన్నావు. అవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఆ అంకె రాయి. రెండు రోజులు పట్టే రిపోర్టు ఇప్పుడు ఒక పూటలో వస్తోందన్నావు, అది ఏ నెల నుంచో రాయి. కొత్తగా చేరిన ఇద్దరికి పని నేర్పానన్నావు, వాళ్లు ఇప్పుడు సొంతంగా ఏం చేస్తున్నారో ఒక వాక్యం చాలు. జూలైలో ఒక పని గడువు దాటిందని దిగులుపడ్డావు. దాన్ని దాచకు. ఎందుకు దాటిందో, తర్వాత ఏం మార్చావో రాయి. పాస్‌బుక్‌లో ఖర్చులూ ఉంటాయి, అవి ఉన్నాయని ఎవరూ దాన్ని నమ్మకుండా పోరు.

ఈ నాలుగు వాక్యాల్లో పర్ఫార్మెన్స్ అన్న మాటే రాకపోయినా ఫర్వాలేదు. గడి పైన వాళ్లే అచ్చువేశారు కదా.

గడువు సోమవారం అన్నావు. శనివారం రాత్రికల్లా రాసింది నాకు వాట్సాప్‌లో పెట్టు, ఆదివారం పొద్దున్నే చూసి పంపుతాను. మీ అత్తయ్య నీకోసం గోంగూర పచ్చడి సీసాకెత్తింది. చిక్కడపల్లి వచ్చినప్పుడు పట్టుకెళ్లు.

మీ మామయ్య