లినక్స్ కెర్నల్‌లో డ్రైవర్ ఫిక్స్‌ని ఇప్పుడే ఆర్‌సీలో (రిలీజ్‌కి ముందు వచ్చే పరీక్ష వెర్షన్‌లో) పంపాలా, తర్వాతి మెర్జ్ విండో (కొత్త మార్పుల్ని కలుపుకునే సమయం) దాకా ఆగాలా?

ముందు బగ్ ఎప్పుడు పుట్టిందో గిట్ బ్లేమ్‌తో (ఏ లైన్ ఏ కమిట్‌తో, అంటే ఏ మార్పుతో, వచ్చిందో చూపే ఆదేశంతో) చూడండి. ఈ సైకిల్ ఆర్‌సీ1లోనే వచ్చిందంటే అది రిగ్రెషన్, అంటే ముందు బాగా పనిచేసింది ఇప్పుడు చెడడం. ఆర్‌సీ7 అయినా వెంటనే పంపాల్సిందే. సరైన ఫిక్స్ దొరక్కపోతే బగ్ తెచ్చిన ఆ కమిట్‌ని రివర్ట్ చేయడమే (వెనక్కి తీసేయడమే) మేలు. ఏళ్ల తరబడి ఎవరూ ఫిర్యాదు చేయని బగ్ అయితే తొందరేం లేదు.

క్రాష్, డేటా పాడవడం, భద్రతా లోపం ఉంటే పాత బగ్ అయినా ఆర్‌సీలోకి వెళ్తుంది, ప్యాచ్ చిన్నదైతే. ఉదాహరణకి, డ్రైవర్‌ని తీసేసేటప్పుడు నడిచే రిమూవ్ ఫంక్షన్‌లో ఐఆర్‌క్యూని (పరికరం ఇంటరప్ట్ సంకేతం పంపే లైన్‌ని) వదలకముందే బఫర్‌ని ఫ్రీ చేశారనుకోండి. ఆలస్యంగా వచ్చిన ఇంటరప్ట్ ఆ ఫ్రీ అయిన మెమరీని ముట్టుకుంటుంది, మెషీన్ పడిపోతుంది. రెండు లైన్ల వరస మారిస్తే చాలు. ఆర్‌సీ5లో కూడా మెయింటైనర్ (ఆ కోడ్ బాధ్యత చూసే వ్యక్తి) కాదనడు. అదే ప్యాచ్‌లో పనిలో పనిగా క్లీనప్ కూడా కలిపితే మాత్రం తిప్పికొడతాడు, న్యాయంగానే. ఫిక్స్‌ని మొదటి ప్యాచ్‌గా విడదీసి, క్లీనప్‌ని తర్వాతి మెర్జ్ విండో కోసం మార్పులు పోగుచేసే నెక్స్ట్ ట్రీకి పంపండి.

సాధారణంగా ఆర్‌సీ7 తర్వాత వారానికే రిలీజ్. అప్పుడు వెళ్లిన టైమింగ్, పవర్ మేనేజ్‌మెంట్ మార్పుల్ని రకరకాల బోర్డుల మీద పరీక్షించే వ్యవధి ఉండదు. అలాంటివి రెండు వారాల మెర్జ్ విండోకే వదిలేయండి.

ప్యాచ్ వివరణలోని ఫిక్సెస్ ట్యాగ్‌లో, బగ్ తెచ్చిన పాత కమిట్ హ్యాష్ (గుర్తింపు కోడ్) మొదటి 12 అక్షరాలు, దాని శీర్షిక రాయండి. పాత కెర్నళ్లకూ కావాలంటే స్టేబుల్‌కి (విడుదలైన కెర్నళ్లకు ఫిక్స్‌లు అందించే జట్టుకి) సీసీ పెట్టండి. మెయిన్‌లైన్‌లో (అసలు కెర్నల్ ట్రీలో) చేరనిదే స్టేబుల్ తీసుకోదు. ప్యాచ్, సందర్భ పంక్తులతో (మార్పు చుట్టూ చూపే లైన్లతో) కలిపి, 100 లైన్లు దాటకూడదన్నది అక్కడి నియమం.